పంటికి రెండో ముఖం

మా ఆయనకు కారు నడపడం రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకు హాయి. ఎందుకంటే ఆయన గురించి ఎవరు మాట్లాడినా కార్ల దగ్గరే మొదలుపెడతారు. ఎక్కడెక్కడి పాతకాలపు కార్లకో, చేసిన కంపెనీలు ఎప్పుడో మూతబడి అడిగే దిక్కులేని కార్లకు, వెనక ఇరుసులో తిరిగే పళ్ళచక్రాలు చేసిపెట్టేది ఈయనే. అలాంటి మనిషిని స్టీరింగు ముందు కూర్చోబెడితే చెమటలు పట్టి, కాళ్ళ కింద ఉన్న మూడు పెడళ్ళలో ఏది దేనికో మరిచిపోతాడు. పెళ్ళయిన కొత్తలో నేర్పుదామని సరదా పడ్డాను. మా నాన్న లారీ డ్రైవరు, నాకు కాళ్ళు అందీ అందకముందే స్టీరింగు చేతికిచ్చాడు. పెళ్ళినాటికే నేను స్కూలు వ్యాను నడుపుతున్నాను. ఈయన మొదటిరోజే గేటు స్తంభాన్ని గుద్ది, కిందికి దిగి, స్తంభానికి దెబ్బ తగిలిందేమోనని చేత్తో తడిమి చూశాడు. దాంతో పాఠాలు కట్టిపెట్టాం. అప్పట్నుంచి నన్ను "డ్రైవరుగారూ" అంటాడు. కోపమొచ్చినప్పుడు నేను ఆయన్ని ఏమంటానో ఇక్కడ రాయను.

మాకు పైన ఇల్లు, కింద వర్క్‌షాపు. పొద్దున్నే కప్పులో ఉన్న అద్దం పలకలోంచి ఎండ ఏటవాలుగా దిగి, గాలిలో తేలే నలకల్ని వెలిగించి, చివరికి లేతు మిషను పక్కనున్న బల్ల మీద వాలుతుంది. ఆ బల్ల ముందు మా ఆయన ఏదో ఒక చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. పని చేస్తున్నాడో కునుకు తీస్తున్నాడో మొదటి పదేళ్ళు నాకు తెలిసేది కాదు. తర్వాత తెలిసింది, రెండూ ఒకటేనని. కళ్ళు సగం మూసుకుని, బొటనవేలితో ఒక్కో పన్నూ తడుముతూ, ఆ బండి తిరిగిన దారులన్నీ తిరిగొస్తాడు. నేను కిందికి దిగి టీ అక్కడ పెట్టి, "ఎక్కడిదాకా వెళ్ళారు?" అంటే, "ఇంకా వంతెన దాటలేదు," అంటాడు. ఏ వంతెనో ఆయనకే తెలియాలి. టీ మాత్రం చల్లారిపోతుంది, నాకు ఒళ్ళు మండిపోతుంది.

వీధిలో ఆయన పేరు పళ్ళాయన. దవడ వాచిన మనిషొకడు ఆ పేరు విని, అడ్రసు కనుక్కుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మా ఆయన సుత్తి పట్టుకుని లోపల్నుంచి రాగానే వాడి నొప్పి ఎగిరిపోయి, వాడూ వీధి మలుపు దాకా ఎగిరిపోయాడు.

ఇంతకీ ఆ పళ్ళేమిటో చెప్పాలి. పాత కార్లలో ఇంజను ముందు ఉంటుంది, అది తిప్పాల్సిన చక్రాలు వెనక ఉంటాయి. ఇంజను బలం పొడుగాటి కడ్డీ వెంట తిరుగుతూ వెనక్కి వస్తుంది. అక్కడ దాన్ని పక్కకు మళ్ళించి ఇరుసుకు అందించాలి. ఆ మలుపులో రెండు పళ్ళచక్రాలు ఉంటాయి. కడ్డీ చివర ఉండే చిన్నది పినియన్. దానికి అడ్డంగా నిలబడి తిరిగే కంచమంత పెద్దది క్రౌన్. ఈ రెండూ జంటగా తయారవ్వాలి, జంటగా అరగాలి. ఒకటి విరిగితే రెండోది ఎంత బాగున్నా పనికిరాదు. కొత్తదానితో కాపురం చేయనని ఊళపెడుతుంది. ఊళ అని ఊరికే అనలేదు. సరిగ్గా కుదరని జంట తిరిగితే వచ్చే చప్పుడు అచ్చం అదే.

మా ఆయనకు ఈ జంటల మీద వల్లమాలిన ప్రేమ. చిన్నదాని పళ్ళ లెక్క, పెద్దదాని పళ్ళ లెక్క రెండూ ఒకే అంకెతో భాగం పోకుండా ఉండాలట. అప్పుడు ఇటువైపు ఒక పన్ను అటువైపు పళ్ళన్నిటినీ కలిసేదాకా మొదట కలిసినదాన్ని మళ్ళీ కలవదు. "అందరితోనూ పరిచయం అవుతుంది చూడు, ఎవరితోనూ చనువు పెరగదు, ఎవరూ ముందు అరగరు," అంటాడు అన్నం తింటూ. ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. కళ్ళు గోడ మీద ఎక్కడో ఉంటాయి. "ఆ ముద్దకు మీ నోటితో పరిచయం ఎప్పుడో," అంటాను నేను.

ఇంకొక్క సంగతి చెప్పి అసలు కథలోకి వస్తాను. ప్రతి పంటికీ రెండు ముఖాలుంటాయి. బండి ముందుకు పోయేటప్పుడు ఒక ముఖం బరువు మోస్తుంది, వెనక్కి పోయేటప్పుడు రెండోది. ఏ బండైనా బతుకంతా ముందుకే పోతుంది. వెనక్కి పోయేదల్లా షెడ్డులోంచి బయటపడడానికి, ఇరుకు సందులో ఎదురొచ్చినవాడికి దారివ్వడానికి. అందుకని ఎంత అరిగిపోయిన చక్రమైనా దాని పంటికి రెండో ముఖం చేసిన రోజున ఎలా ఉందో ఇంచుమించు అలాగే ఉంటుంది. కొత్తది చేయడానికి మా ఆయన కొలతలు తీసేది ఆ ముఖం మీదే. అది ఆయనకు పని నేర్పిన పెద్దాయన చెప్పిన సూత్రం. "బండి మరిచిపోయిన వైపు చూడు," అనేవాడట. ఈయన ఇన్నేళ్ళుగా ఆ వైపే చూస్తున్నాడు. ఆ చూపులో ఆలోచనంటూ ఏమీ మిగల్లేదు, ఊపిరి పీల్చుకున్నట్టు అలవాటైపోయింది.

గడియారాల కొట్టాయన మాకు రెండు వీధుల అవతల ఉంటాడు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు, అరవై దాటినవాడు, సన్నగా, చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని ఉంటాడు. మా గోడ గడియారం బాగుచేసినప్పటి పరిచయం. నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆ వరసన మా ఆయన్ని బావగారూ అంటాడు. ఆ పిలుపుకు ఈయన మురిసిపోయి "టీ తాగి వెళ్ళండి" అంటాడు. పెట్టేది నేను.

ఒకరోజు సాయంత్రం ఆయన గోనెసంచిలో ఏదో బరువు మోసుకుంటూ వచ్చి బల్ల మీద దించాడు. విప్పితే నల్లగా మాడిన గ్రీజు పట్టిన ఒక క్రౌన్, పళ్ళు ఊడి ముక్కలైన ఒక పినియన్.

"కారు కొన్నాను బావగారూ," అన్నాడు.

"మీకు కారెందుకన్నయ్యగారూ?" అన్నాను నేను. "మీ కొట్టు నుంచి మీ ఇంటికి నాలుగు అంగలు."

ఆయన నవ్వలేదు. "కొండ మీది పాత ఆస్పత్రి మూసేశారు కదా. వాళ్ళ షెడ్డులో పడుంది. అది మా అమ్మ నడిపిన బండి చెల్లెమ్మా."

ఆ మాటకు మా ఆయన కళ్ళు పూర్తిగా తెరిచాడు. ఇద్దరం బెంచీ మీదికి చేరాం.

ఆయన తల్లి ఆ ఆస్పత్రిలో నర్సు. కింద ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా బండి వేసుకుని దిగి, ఎక్కించుకుని కొండెక్కేది. ఈయనకు నాలుగేళ్ళప్పుడు ఆవిడ జ్వరంతో చనిపోయింది. మేనత్త పెంచింది. ఫొటో ఒక్కటీ లేదు. చీర ముక్క కూడా మిగల్లేదు. మిగిలింది ఒక్క జ్ఞాపకం.

"నేను సీటు మీద నిలబడి ఉన్నాను," అన్నాడు, మా గోడ వైపు చూస్తూ, అక్కడ ఏదో జరుగుతున్నట్టు. "ఎదురద్దంలోంచి మా ఊరు కనిపిస్తోంది. ఇళ్ళు, కప్పులు, ఆరేసిన బట్టలు, అన్నీ నా ముందు నుంచే కిందికి, దూరంగా జారిపోతున్నాయి. చిన్నవైపోతున్నాయి. మేము పైకి తేలిపోతున్నాం. అమ్మ నన్నే చూస్తోంది. దారి పొడుగునా నన్నే చూస్తోంది."

మేనత్తకు చెప్తే ఆవిడ పిండి కలుపుతున్న చేత్తోనే నుదురు కొట్టుకుందట. "ఎదురద్దంలో ఊరు దగ్గరికి రావాలి గానీ దూరమెలా పోతుందిరా? బండి నడిపే మనిషి రోడ్డు చూస్తుందా, నిన్ను చూస్తుందా? కలగన్నావు, పో," అందట. చెడ్డ మనిషి కాదావిడ. కడుపులో పెట్టుకు చూసుకుంది. ఉన్న మాట అనేసింది, అంతే. స్కూల్లో చెప్తే మాస్టారు నవ్వాడు. మాస్టారు నవ్వాక తరగతంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదట.

"ఇప్పుడు నాకే నమ్మకం పోయింది," అన్నాడు. "అది కలైతే అమ్మంటూ నా దగ్గర ఇంకేమీ లేనట్టే. ఆ బండిలో ఆ కొండ ఒక్కసారి ఎక్కితే తెలిసిపోతుంది. ఏ మలుపు దగ్గరైనా అలా కనిపిస్తుందేమో. కనిపించకపోతే సరే, కలే అనుకుంటాను. ఏదో ఒకటి తేలిపోవాలి కదా."

 దాచడమెందుకు, నాకూ అది కలే అనిపించింది. మా ఆయన ఏమనుకున్నాడో తెలియదు. ఆ నల్లటి క్రౌన్‌ను ఒళ్ళోకి తీసుకుని అప్పటికే తడమడం మొదలుపెట్టాడు.

మొదట దొరుకుతుందేమోనని వెతికాం. ఈ పనిలో చేయడం కన్నా వెతకడమే ఎక్కువ. పాత ఇనుము కొట్లన్నీ మా వ్యానులో తిరిగాం. ఆ కొట్లంటే ఆయనకు ప్రాణం. వానకు తడిసి తుప్పెక్కిన ఇరుసుల గుట్టల మధ్య చేతులు వెనక్కి పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా నెమ్మదిగా నడుస్తాడు. కొట్టువాడు "ఏం కావాలి సార్?" అంటే జవాబు చెప్పడు. నేనే చెప్పాలి. దూరాన ఉన్న వ్యాపారులకు ఫోన్లు చేశాను. ఒకాయన అచ్చం అదేనని ఒట్టేసి ఒక జత పంపాడు. గుడ్డలు విప్పి లెక్కపెడితే క్రౌన్‌కు ఒక పన్ను ఎక్కువ. ఫోనులో ఆయన్ని నేను కడిగేశాను. మా ఆయన మాత్రం ఆ జతను కిటికీలో పెట్టుకుని, "ఇది ఎవరిదో, ఎక్కడ వెతుక్కుంటున్నారో," అని రెండు రోజులు దిగులుపడ్డాడు.

దొరకదని తేలాక చేయడం మొదలైంది. పినియన్ ముక్కలైంది కాబట్టి కొలవడానికి క్రౌన్ ఒక్కటే ఆధారం. మా ఆయన దాని మీద మాడిన గ్రీజును ఒకచోట, కొలత తీసేంతవరకే గీకాడు. అలవాటు ప్రకారం రెండో ముఖం మీద అచ్చు తీసుకున్నాడు, కొలిచాడు, గీశాడు. ఉక్కు దిమ్మెలు తెప్పించాడు. పళ్ళు కోసే మిషను తిరగడం మొదలైంది. అది తొందరపడే మిషను కాదు. పాలలా తెల్లటి నూనెనీళ్ళు కారుతుంటే, ఒక్కో పన్నూ వంపు తిరిగి, నిద్రలోంచి లేస్తున్నట్టు మెల్లగా బయటికొస్తుంది. మధ్యాహ్నాలు ఆ చప్పుడుకు ఇల్లంతా జోగుతుంది. మెట్ల మీద పిల్లి జోగుతుంది. పైన కూరగాయలు తరుగుతూ నేనూ జోగేదాన్ని. కలలో తెల్లటి నూనె వాన కురిసేది.

గడియారాల ఆయన కొట్టు కట్టేసి రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. పని గురించి ఒక్క మాట అడిగేవాడు కాదు. పళ్ళు పూర్తయ్యాక చక్రాల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన రోజున మాత్రం, ఆ పొగలోకి చూస్తూ, "మా అమ్మ దగ్గర ఇలాంటి వాసనే వచ్చేదేమో," అన్నాడు. అదీ ఆయనకు గుర్తు లేదు, ఊహించుకుంటున్నాడు.

తర్వాత జంటను ఒకచోట బిగించి, గరుకు ముద్ద పూసి, ఒకదానితో ఒకటి రుద్దుకునేలా తిప్పాలి. ఆ తర్వాత పళ్ళకు నీలంరంగు పూసి తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూడాలి. రంగు పూసేది నేను. నా చెయ్యి తిన్నగా ఉంటుందని ఆయన నమ్మకం. రంగు పంటి మధ్యలో చెరిగితే జంట కుదిరినట్టు. పూశాను. తిప్పాను. పంటి అంచున, కొసాకొసన, గోరు గీసినంత మేర చెరిగింది. మా ఆయన వేగం పెంచాడు. జంట ఊళపెట్టింది.

ఆ ఊళ వీధిలోకి వినబడింది. స్టూలు మీద గడియారాల ఆయన బిగుసుకుపోయాడు.

"ఇన్నేళ్ళ సర్వీసులో పప్పులో కాలేశారు," అన్నాను. నా నోరు అంతే, ముందు మాట్లాడి తర్వాత చూస్తుంది. మా ఆయన మిషను ఆపి, చేతులు తుడుచుకుని, పైకెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు ఒక్కసారి కిందికి దిగి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు. కొలత మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు, తప్పు లేదు. కోత చూసుకున్నాడు, తప్పు లేదు. అన్నీ సరిగ్గా ఉండి ఊళపెట్టడం ఆయన ఎరగడు. 

నాకు బాధొస్తే ఏదో ఒకటి తోమాలి. గిన్నెలన్నీ తోమేశాను. ఇంకేమీ దొరక్క కిందికి దిగి, ఆ పాత క్రౌన్‌ను కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో మాడంతా వదిలేదాకా రుద్దాను. ఎండలో పెట్టి చూస్తే వెండిలా మెరుస్తోంది. ఊరికే ఒక పంటి మీద గోరు పెట్టి జార్చాను. రెండో ముఖం మీద గోరు గట్టుకు తగిలినట్టు ఆగిపోయింది. అరిగి గుంట పడ్డ చోటు అంచు అది. మొదటి ముఖం మీద జార్చాను. నున్నగా, ఎక్కడా ఆగకుండా జారిపోయింది. ఇంకో పన్ను చూశాను. ఇంకోటి చూశాను. అన్నీ అంతే.

"ఏమండీ!" అని అరిచిన అరుపుకు పిల్లి మెట్లు దిగి పారిపోయింది, ఈయన మెట్లు దిగి వచ్చాడు.

"ఈ బండికేమన్నా పిచ్చా?" అన్నాను. "ఇది బతుకంతా వెనక్కే నడిచింది!"

ఆయన గోరు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. మిగతా బండ్లన్నీ మరిచిపోయే వైపే, ఈ బండి రోజూ గుర్తుపెట్టుకున్న వైపు. ఆయన అరుగుదలను కొలిచి, అరుగుదలనే కొత్త ఉక్కులో కోశాడు. తప్పు దొరికినందుకు సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని, పాత క్రౌన్‌ను గుండె మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.  

"కొండ," అన్నాడు కాసేపటికి, కళ్ళు తెరవకుండా. "ఆ బండికి పెట్రోలు ట్యాంకు సీటు కిందుంటుంది. పంపు ఉండదు. పెట్రోలు దానంతటది ఇంజనులోకి జారాలి. నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేస్తే, ఇంజను ట్యాంకు కన్నా ఎత్తుకు పోతుంది. పెట్రోలు పైకెలా జారుతుంది?"

"జారదు. ఆగిపోతుంది."

"అందుకని కొండ కిందే బండి తిప్పేసుకుని, రివర్స్ గేరులో ఎక్కేవాళ్ళు. ఆ గేరుకు బలం కూడా ఎక్కువ. దిగేటప్పుడు ముందుకే దిగినా, ఇంజనుతో బిగపట్టి దిగుతారు కాబట్టి బరువు మళ్ళీ ఈ ముఖం మీదే పడుతుంది. అంటే ఎక్కేదెప్పుడూ వెనక్కే..." అంటూ ఆగిపోయి, కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. వెనక్కి ఎక్కే బండిలో కూర్చుంటే ఎదురద్దంలో ఊరు దూరమవుతుంది. కిందికి, చిన్నగా జారిపోతుంది.

నేను చెప్పులు కూడా వేసుకోలేదు. రెండు వీధులూ ఎలా దాటామో గుర్తులేదు. గడియారాల ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని ఏదో చేతిగడియారం మీద వంగి ఉన్నాడు. చుట్టూ గోడలన్నిటి మీదా గడియారాలు తలా ఒక టైము చూపిస్తూ టిక్కుమంటున్నాయి. మా ఆయన ఆయాసపడుతూ అంతా చెప్పాడు. గడియారాల ఆయన భూతద్దం తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"అయితే అది కల కాదు," అన్నాడు.

"కాదు," అన్నాడు మా ఆయన. "పళ్ళు అబద్ధం చెప్పవు బావగారూ."

 నవ్వు, ఏడుపు, ఏదో తేలక ఆయన ముఖమంతా తిరిగాయి. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "మరి అమ్మ నన్నే చూస్తూ ఉండడం? అది కూడా నిజమేనా?"

మా ఆయనకు తెలియదు, నడపడం రాదు కదా. నాకు అడిగిన మరుక్షణంలో తెలిసిపోయింది. వెనక్కి నడిపే మనిషి సీట్లో తిరిగి, పక్కసీటు మీదుగా వెనక రోడ్డు చూస్తుంది. ముఖం పిల్లాడి వైపు ఉంటుంది, చూపు రోడ్డు మీద ఉంటుంది.  నోరు తెరవలేదు. ఎప్పుడూ ఆగని నా నోరు ఆరోజు ఆగింది.

మా ఆయన మళ్ళీ కోశాడు. ఈసారి ఆ బండి వాడని ముఖం కొలిచి, అంటే మొదటి ముఖం కొలిచి. నేను రంగు పూశాను. పంటి నడిమధ్యన, బాదంగింజంత మేర, చక్కగా చెరిగింది. వేగం పెంచితే చప్పుడే లేదు. తిరుగుతోందో లేదో తెలియడానికి మా ఆయన దాని మీద కాగితం ముక్క ఆనించి చూశాడు. వీధి చివరి మెకానిక్ ఆ జంటను బండిలో బిగించాడు, పెట్రోలు గొట్టాలు, బ్రేకులు అన్నీ చూసిపెట్టాడు. ఎవరు నడపాలన్న ప్రశ్న రాలేదు. "డ్రైవరుగారూ," అన్నాడు మా ఆయన, తలుపు తీసి పట్టుకుని.

ఆకాశం తెల్లగా, ఎండ లేకుండా ఉన్న ఉదయం అది. కొండ కింద బండి తిప్పి, వెనకభాగం ఎత్తు వైపు పెట్టాను. ముందు సీటు పొడుగ్గా బెంచీలా ఒకటే. గడియారాల ఆయన ఎడమ చివర కిటికీకి ఆనుకుని కూర్చున్నాడు, గుండీలన్నీ పెట్టుకుని. మా ఆయన వెనకసీటు ఎక్కి, కూర్చోకుండా కింద బోర్లా పడుకుని, చెవి నేలకు ఆనించాడు. జంట చప్పుడు వినాలట. నేను సీట్లో పక్కకు తిరిగి, ఎడమచెయ్యి సీటు వీపు మీద వేసి, రివర్స్ గేరు వేశాను.

బండి పైకి తేలడం మొదలుపెట్టింది. ఇంకో మాట లేదు దానికి. మంచులో కొండ అంచులు కరిగిపోయి ఉన్నాయి. వెనక అద్దంలో రోడ్డు నా వైపు మెల్లగా వస్తోంది. ఎదురద్దం వైపు నేను చూడలేదు, చూడ్డానికి వీల్లేదు. కానీ ఆయన ఊపిరి వినిపిస్తోంది. "ఇళ్ళు," అన్నాడు. కాసేపటికి, "కప్పులు," అన్నాడు. ఇంకాసేపటికి, "బట్టలు ఆరేశారు చెల్లెమ్మా, ఇప్పుడూ ఆరేశారు," అన్నాడు. నా కళ్ళు మసకబారుతుంటే రెప్పలతో తుడుచుకుంటూ నడిపాను. వెనక కింద నుంచి మా ఆయన, "చప్పుడే లేదు, అబ్బ, ఏమీ లేదు," అని గొణుక్కుంటున్నాడు.

సగం ఎక్కాక ఆయన అద్దం మీంచి చూపు తిప్పి నా ముఖంలోకి చూశాడు. నా కళ్ళు ఎక్కడున్నాయో వెతికాడు. దొరికాయి.

"నువ్వు నన్ను చూడట్లేదు కదూ?" అన్నాడు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముఖం ముందు ఆడలేకపోయాను. "రోడ్డు చూస్తున్నానన్నయ్యగారూ," అన్నాను.

"అమ్మ కూడా రోడ్డే చూసుంటుంది." తలాడించాడు, ఎవరో ఎప్పుడో చెప్పిన మాట ఒప్పుకుంటున్నట్టు. "పోన్లే. ఊరు నిజమే కదా. చాలు."

చాలు అన్న మాట అంత చాలనట్టు అనడం నేనెక్కడా వినలేదు. నాకు కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో తెలియదు. పోయిన మేనత్త మీదో, నవ్విన మాస్టారు మీదో, నిజం చెప్పిన నా నోటి మీదో. హ్యాండ్ బ్రేకు లాగి బండి ఆపేశాను.

"ఏమైంది? చప్పుడొచ్చిందా?" అన్నాడు మా ఆయన కింద నుంచి.

"రాలేదు. పడుకోండి." దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ తలుపు తీశాను. "అన్నయ్యగారూ, నా సీట్లోకి జరగండి. నడపక్కర్లేదు. బ్రేకు మీద కాలేసి కూర్చోండి, చాలు."

ఏమీ అర్థం కాకపోయినా జరిగాడు. నేను ఎక్కాను. "మీరెక్కడ నిలబడేవారు? కిటికీ దగ్గరా?"

"కాదు. అమ్మ పక్కనే. తన భుజం పట్టుకుని."

నాలుగేళ్ళ పిల్లాడు సీటు మీద నిలబడితే, వాడి ముఖం కూర్చున్న మనిషి ముఖమంత ఎత్తుకు వస్తుంది. నేను కిటికీ వైపు నుంచి జరిగి జరిగి, ఆయన భుజానికి తగిలేంత దగ్గరగా కూర్చుని, ఒక చేత్తో హ్యాండ్ బ్రేకు పట్టుకున్నాను. "ఇప్పుడు ఇటు తిరిగి వెనక రోడ్డు చూడండి," అన్నాను.

ఆయన తిరిగాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు, మెడ సాచాడు. "రోడ్డు సరిగ్గా కనిపించట్లేదు," అన్నాడు. "నువ్వే అడ్డం ఉన్నావు."

"పక్కకు జరగమంటే జరుగుతాను కదా. అప్పుడు రోడ్డంతా కనిపిస్తుంది. మీ అమ్మ మిమ్మల్ని జరగమందా?"

ఆయన నా వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. నన్ను చూడట్లేదని నాకు తెలుసు. కింద ఊళ్ళో ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక చాలా పలచగా కొండ ఎక్కి వచ్చింది.

"లేదు," అన్నాడు. "ఒక్కసారి కూడా జరగమనలేదు."

బ్రేకు మీద తన కాలుందని ఆయన మరిచిపోయాడు. నేను హ్యాండ్ బ్రేకు మీంచి చెయ్యి తీయలేదు.